చిటిక పడేలోపు

జూన్ 3

అన్నయ్యకు,

చేరానని కార్డు ముక్క రాసి పడేశాను కదా, ఇక ఆరునెలలదాకా ఉలుకూ పలుకూ ఉండదని వదినతో అనే ఉంటావు. అందుకే ఈసారి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నీ కాలి కట్టు ఇంకా విప్పలేదటగా. దురద పుడితే వదిన అల్లిక సూది లోపలికి దూర్చి గోక్కుంటున్నావట. ఆ సంగతి ఆవిడకి తెలిసిపోయింది, చూసుకో.

నాకిచ్చిన గది కంపెనీ ప్రహరీ లోపలే ఉంది. కిటికీ తెరిస్తే ట్యాంకులు తప్ప ఇంకేమీ కనిపించవు. ఒక్కోటి మన వీధిలో మేడకంటే ఎత్తు. గాలి ఇటు తిరిగిందంటే అన్నం ముద్దలో కూడా కిరసనాయిలు వాసనే. పాఠాలు క్యాంటీన్ హాల్లో చెప్తున్నాను. అక్కడ బల్లలన్నీ నేలకి బిగించేశారు. అందుకని వాళ్లు కూర్చుంటారు, నేను బొంగరంలా తిరుగుతాను.

నా విద్యార్థులు ట్యాంకులు కడిగే ముఠావాళ్లు. ట్యాంకు ఖాళీ అయ్యాక అడుగున మిగిలిన మడ్డి ఎత్తిపోయడం వాళ్ల పని. కింద పక్కగా ఒక గుండ్రటి మూతి ఉంటుంది, మనిషి వంగి దూరేటంత. అందులోంచే లోపలికి వెళ్లాలి. వెళ్లేముందు సేఫ్టీ ఆఫీసరు ఆ మూతి దగ్గర నిలబడి ఏవేవో ప్రశ్నలు అడిగి కాగితం మీద సంతకం పెడతాడు. ఆయనకి ఇంగ్లిష్ తప్ప మరో ముక్క రాదు. ఇన్నాళ్లూ ఒక దుబాసీ గుమాస్తా మధ్యలో నిలబడి ఆయన ప్రశ్న వీళ్లకీ, వీళ్ల జవాబు ఆయనకీ చెప్పేవాడు. దాంతో సగం పొద్దు అక్కడే అయిపోతోందని మేనేజరు బాధ. వీళ్ల చేతే ఇంగ్లిష్ మాట్లాడిస్తే పీడా వదులుతుందని నన్ను పిలిపించాడు.

మొదటిరోజు ఒక్కడూ నోరు విప్పలేదు. ఒకతన్ని అందరూ మూగనోము అని పిలుస్తారు. అతనైతే నా చెప్పుల వంక తప్ప నా మొహం చూడలేదు. అప్పుడు నీ పద్ధతి మొదలుపెట్టాను. ప్రశ్న అడగడం, చిటిక వెయ్యడం. చిటిక పడేలోపు జవాబు రావాలి, ఏ జవాబైనా సరే. ఆలోచిస్తూ నిలబడ్డవాడు నిలబడే ఉండాలి. ఇప్పుడు హాలంతా మోగిపోతోంది అన్నయ్యా. మూగనోము నిన్న నాకు ఎదురొచ్చి, వెరీ గుడ్ మార్నింగ్ మేడమ్, హౌ డూ యూ డూ అన్నాడు. సాయంత్రం పూటే అనుకో. ఆఫీసులో ఫోన్లు ఎత్తే అమ్మాయి కూడా వచ్చి వెనక బల్ల మీద కూర్చుంటోంది.

మన టపాకాయ సంగతి చెప్పక్కర్లేదు. నీ కొడుకు కదా. నాతోపాటు ఇక్కడ పనికి పంపుతుంటే బెంగపెట్టుకున్నావు గానీ, వాడే ఇప్పుడు ముఠాకి పెద్ద నోరు. ఆఫీసరు అడిగితే అందరి తరఫునా వాడే ముందు నిలబడి జవాబు చెప్తున్నాడట.

ఒక్కటే చిన్న ముల్లు. ఆ దుబాసీ నేను ఎదురైతే మొహం తిప్పుకుని పోతున్నాడు. ఆయన పొట్ట కొట్టానేమోనని ఉంది.

వదినకి చెప్పు, నేను వేళకి తింటున్నానని. నమ్మదు, అయినా చెప్పు.

నీ చెల్లెలు

*

జూన్ 9

అమ్మాయ్,

నీ ఉత్తరం కింది వాటా దర్జీకి చదివి వినిపించాను, పై వాటాలో ఉన్నవాళ్లకి వినిపించాను, కట్టు మార్చడానికి వచ్చిన కాంపౌండరుకి కూడా వినిపించాను. మీ వదిన ఇక చాలు అనేదాకా చదివాను. మన ఇంగ్లిష్ సెంటరు గోడ మీద కొత్త బోర్డు రాయిస్తున్నా. మూగవాడిచేత మాట్లాడించాం అని పెట్టాలని ఉంది గానీ, అతిగా ఉంటుందేమో.

నేను ఎప్పుడూ చెప్పేదే మళ్లీ చెప్తున్నా, చెవిన పెట్టు. మనవాళ్లకి ఇంగ్లిష్ రాక కాదు, ఆలోచించడం వల్ల రాదు. తప్పా ఒప్పా అని లోపల తూచుకుంటూ ఉంటే నాలుక కరుచుకుపోతుంది. ఆ తూచుకునే సమయం వాళ్లకి ఇవ్వకూడదు. చిటిక అందుకే. కుర్చీలో కాలు చాపుకుని కూర్చుని కూడా నేను చిటికలతోనే పాఠం నడిపిస్తున్నా, ఎవడైనా వచ్చి చూడమను.

దుబాసీ గురించి మనసు పాడుచేసుకోకు. నీ పని నువ్వు చేశావు. మావాడిని మాత్రం ముందు వరసలోంచి కదలనివ్వకు. ఆఫీసరు కళ్లలో పడితే రేపు ఆఫీసు ఉద్యోగమే ఇస్తారేమో. ఆ మడ్డి ఎత్తే పని వాడికెందుకు ఎల్లకాలం?

వాడు వేడి నీళ్లు పోసుకుంటున్నాడా అని మీ వదిన అడుగుతోంది. దీనికి చిటిక పడేలోపు జవాబు రాయి.

అన్నయ్య

*

జూన్ 17

అన్నయ్యా,

వేడి నీళ్లు పోసుకుంటున్నాడు. ఆ మాట ముందు రాసేస్తే మిగతాది రాయడానికి ధైర్యం వస్తుందనుకున్నాను. రావడం లేదు.

మొన్న ట్యాంకు మూతి దగ్గరకి నేనే వెళ్లాను. నా పిల్లలు ఎలా మాట్లాడుతున్నారో చూసి మురిసిపోదామని వెళ్లాను, దాచడమెందుకు. దుబాసీని స్టోర్సుకి మార్చేశారు, ఆ చోటు ఖాళీగా ఉంది. ఆఫీసరు అట్ట మీద కాగితం పెట్టుకుని వచ్చాడు. ఆయనకొక అలవాటుంది. ప్రశ్న అడగ్గానే పెన్ను వెనక మీట నొక్కుతాడు, టిక్కుమంటుంది. ట్యాంకులోకి నూనె వచ్చే గొట్టం వాల్వు మూశారా అన్నాడు, టిక్కు. యెస్ సార్ అన్నాడు మన టపాకాయ, వెనక ముఠా అంతా యెస్ సార్ అంది. నా గుండె ఉప్పొంగింది. గ్యాసు పరీక్ష చేశారా అన్నాడు, టిక్కు. యెస్ సార్.

తరువాత ఆయన, ఎవరికైనా తల తిరుగుతోందా, వాంతి వస్తోందా అని అడిగాడు. టిక్కు. యెస్ సార్, థాంక్యూ సార్ అన్నారు అందరూ.

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆయన కూడా తలెత్తి చూసి, పాపం అన్నట్టు నవ్వి, గీత పెట్టుకున్నాడు. ఇంతకీ గ్యాసు పరీక్ష చేసిందెవరు అన్నాడు. యెస్ సార్ అన్నారు. ఆయన సంతకం పెట్టేశాడు. వాళ్లు ఒకరి వెనక ఒకరు వంగి ఆ మూతిలోకి దూరిపోయారు. మన టపాకాయ ఆఖరున దూరుతూ నాకు చెయ్యి ఊపాడు. వాడు బయటికి వచ్చేదాకా ఆ మూతి ముందే నిలబడ్డాను.

ముఠాలో అందరికంటే వయసైన పెద్దాయన ఒకాయన ఉన్నాడు. బయటికి వచ్చాక ఆయన్ని, ఆఫీసరు ఏమడిగాడు బాబాయ్ అని మన మాటలోనే అడిగాను.

"ఏమోనమ్మా, బాగానే అడిగాడు. మీరు చెప్పినట్టే, పెన్ను టిక్కుమనేలోపు చెప్పేశాం" అన్నాడు.

వాళ్ల సంగతి సరే. మనవాడికి ఇంగ్లిష్ అర్థమవుతుంది కదా. నీకు తెలిసి కూడా ఎందుకు యెస్ అన్నావురా అని నిలదీశాను. కాసేపు తల గోక్కుని, "వినలేదు అత్తయ్యా. పెన్ను వైపు చూస్తున్నా" అన్నాడు.

అన్నయ్యా, నాకు భయంగా ఉంది. పాఠం చెప్తుంటే చిటిక వెయ్యడానికి చెయ్యి లేవడం లేదు. దీన్ని వెనక్కి తిప్పడం ఎలాగో చెప్పు. పద్ధతి నీది, విరుగుడు నీకే తెలియాలి.

చెల్లెలు

*

జూన్ 23

అమ్మాయికి,

నీ భయం నాకు కొత్తేమీ కాదు. బడి వార్షికోత్సవంలో స్వాగతం చెప్పమంటే తెర వెనకే వాంతి చేసుకున్న మనిషివి నువ్వు. చిన్నచిన్న తరగతులు చెప్పుకున్నంతకాలం బాగానే ఉన్నావు. ఇప్పుడు మేనేజర్లూ ఆఫీసర్లూ చూస్తున్నారనేసరికి చెయ్యి లేవనంటోంది. అంతే. నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది.

పనివాళ్లు ఒకటీ అరా తప్పు జవాబు చెప్పారట, ఆఫీసరు నవ్వి ఊరుకున్నాడట. చదువుకున్నవాడు, ఆ పని చూడ్డానికే జీతం తీసుకునేవాడు, ఆయనకే లేని దిగులు నీకెందుకు? ఎవరి జాగ్రత్తలో వాళ్లుంటారు. వాళ్ల చేత మాట్లాడించడమే మన పని.

ఇంకో మాట అనకూడదు గానీ, అనకుండా ఉండలేకపోతున్నా. మావాడు నిన్ను మించిపోతున్నాడని నీకు లోపల ఎక్కడో గుచ్చుకుంటోందా? అందరి ముందూ నిలదీశావట. వాడే నాకు రాశాడు. పాపం ఎంత చిన్నబుచ్చుకున్నాడో. నీకు తోడుగా ఉంటాడని పంపితే, ఎదుగుతున్నవాడి నెత్తిన మొట్టికాయ వేస్తావా? అత్తయ్య మాట పట్టించుకోవద్దు, ముందు వరస వదలొద్దు అని వాడికి నేను విడిగా ఉత్తరం రాశాను. దాచడం నాకు చేతకాదు కనుక నీకు చెప్తున్నా.

మీ వదిన అలా రాయొద్దంది. రాశాను. కోపం తగ్గాక జవాబు రాయి.

అన్నయ్య

*

జూన్ 29

అన్నయ్యా,

కోపం తగ్గలేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే కోపం తగ్గేదాకా ఆగేటంత వ్యవధి లేదు.

పెద్దాయన పడిపోయాడు. చిన్న ట్యాంకే. మూతి దగ్గర మనవాడు అన్నిటికీ యెస్ చెప్పాడు, ఆఫీసరు సంతకం పెట్టాడు, వీళ్లు వెళ్లారు. కాసేపటికి లోపల్నుంచి పార కిందపడ్డ చప్పుడు వినిపించిందట. నడుముకి తాడు కట్టి ఉంది కాబట్టి ఈడ్చి బయటపడేశారు. నేను పరుగెత్తుకుని వెళ్లేసరికి నేలమీద పడుకోబెట్టి ఉంచారు. పెదవులు నేరేడు పండు రంగులోకి తిరిగాయి. కంపెనీ డాక్టరు ఛాతీ మీద అదుముతూ ఉంటే చాలాసేపటికి కళ్లు తెరిచాడు. ఎలా ఉంది అని డాక్టరు ఇంగ్లిష్‌లో అడిగాడు.

"ఫైన్ సార్, థాంక్యూ సార్" అన్నాడు అన్నయ్యా, ఆ నోటితో.

ఆ మాట నేర్పింది నేను. 

మేనేజరు దగ్గరికి వెళ్లాను. దుబాసీని మళ్లీ తెమ్మని బతిమాలాను. వాళ్లు అన్నిటికీ యెస్ అన్నారు కదమ్మా, కాగితం మీద ఉంది చూడండి అన్నాడు. పైగా మీ పాఠాలు బాగా పనిచేస్తున్నాయి, పన్నెండో తారీఖున పెద్ద ట్యాంకు తెరుస్తున్నాం, ముఠా మొత్తం దిగుతుంది, అప్పటికి వీళ్లని ఇంకా చురుగ్గా తయారుచెయ్యండి అన్నాడు. నా కిటికీకి ఎదురుగా ఉన్నది ఆ ట్యాంకే. ఇప్పుడు ఆ కిటికీ తెరవడం మానేశాను.

నాకు తెలీదు, ఆగండి అనే రెండు ముక్కలు ఇంగ్లిష్‌లో నేర్పుదామని చూస్తున్నాను. ఒక్కడూ అనడం లేదు. మూగనోము లేచి నిలబడి, "అమ్మా, నోరు రాని రోజుల్లో తెలీదనే తలొంచుకుని నిలబడేవాళ్లం. ఇప్పుడిప్పుడే తలెత్తాం. మళ్లీ అక్కడికే తీసుకుపోతారా?" అన్నాడు. 

నీ కొడుకు నాతో మాట్లాడటం మానేశాడు. పెద్దాయన పడిపోయిన సంగతి నాన్నకి రాయొద్దు అని మాత్రం వచ్చి అడిగాడు. నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు.

నువ్వు నన్ను నమ్మకపోతే పోనీ. నీ తరగతిలోనే ఒకసారి అడిగి చూడు. ఏదైనా ప్రాణం పోయే ప్రశ్న అడిగి, చిటిక వేసి చూడు.

చెల్లెలు

*

జూలై 5

తల్లీ,

ఈ ఉత్తరంకంటే ముందే టెలిగ్రాం అందుతుందని రాస్తున్నా. దర్జీని తపాలా ఆఫీసుకి పరుగెత్తించాను. అబ్బాయిని ట్యాంకు దగ్గరకి పంపకు అని ఇచ్చాను. నేనే రైలెక్కి వచ్చేవాణ్ని, ఈ కాలు నేలకి ఆనదు.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. చదివి ఒళ్లు మండింది. నీ మాట తప్పని తేల్చేద్దామని సాయంత్రం తరగతిలో కుర్చీ ముందుకి లాగించుకున్నా. నలభైమంది ఉన్నారు. ఈ భవనం తగలబడుతోందా అని ఇంగ్లిష్‌లో అడిగి చిటిక వేశా. యెస్ సార్ అన్నారు. నేను నవ్వాను. వాళ్లు కూడా నవ్వారు, ఎందుకో తెలియకుండానే. తరువాత నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలీదు, నా కొడుకు చచ్చిపోయాడా అని అడిగి చిటిక వేశా.

యెస్ సార్, వెరీ గుడ్ సార్ అన్నారు. నలభైమందీ, ఒక్క గొంతుతో, సంతోషంగా.

పాఠం అక్కడితో ఆపి అందర్నీ పంపేశా. మీ వదిన వంటింట్లోంచి వచ్చి ఏమైందని అడిగితే నీ ఉత్తరం ఆవిడ చేతిలో పెట్టా.

పొద్దున్నే ఆ ఉత్తరం పట్టుకుని దర్జీ భుజం మీద చెయ్యేసి మెట్లు దిగి, మందుల దుకాణంలో ఫోన్ దగ్గరకి వెళ్లా. ట్రంకు కాల్ దొరికేసరికి ఎండెక్కింది. అవతల ఎవరో అమ్మాయి. పెద్ద కంపెనీ కదా అని ఇంగ్లిష్‌లోనే మొదలుపెట్టా. అలవాటు, ఏం చెయ్యను. ఫలానా కుర్రాడి తండ్రిని, వాణ్ని ట్యాంకులోకి దింపొద్దు, మేనేజరుకీ వాడి అత్తయ్యకీ వెంటనే చెప్పండి, ప్రాణం మీదకి వచ్చిన సంగతి అని చెప్పా. యెస్ సార్, ష్యూర్ సార్, ఐ విల్ ఇన్‌ఫామ్ సార్, హ్యావ్ ఎ నైస్ డే సార్ అని ఆ అమ్మాయి టకటకా చెప్పి పెట్టేసింది. ప్రాణం కుదుటపడి ఇంటికొచ్చా. మెట్లెక్కుతుంటే తట్టింది. ఆ అమ్మాయి మాట్లాడిన తీరు నాకు తెలుసు. అది మన తీరే. వెనక బల్ల మీద వచ్చి కూర్చుంటోందని నువ్వు రాసిన అమ్మాయి ఆమే కదా? తను ఏమి విందో, అసలు విందో లేదో. మళ్లీ కాల్ బుక్ చెయ్యమంటే లైను చెడిపోయిందన్నారు. ఎప్పుడు బాగవుతుందో చెప్పలేమన్నారు.

నేను వాడికి రాసిన ఆ ఉత్తరం చించెయ్యమను. నీ గురించి రాసిన మాటలకి నువ్వు నన్ను ఎన్ని తిట్టినా పడతా. ముందు వాణ్ని రైలెక్కించు. ఉద్యోగమూ వద్దు, ఇంగ్లిషూ వద్దు. ఇద్దరూ వచ్చెయ్యండి. ఇంట్లో ఎవరం నిద్రపోవడం లేదు.

అన్నయ్య

*

జూలై 13

అన్నయ్యా,

ముందుగా, వాడు ప్రాణాలతో ఉన్నాడు. వదినకి ఈ వాక్యం గట్టిగా చదివి వినిపించి, తరువాత మిగతాది చదువు. సాయంత్రం టెలిగ్రాం కూడా ఇస్తాను.

నీ టెలిగ్రాం అందింది. ఫోన్ కబురు మాత్రం నాకెవరూ చెప్పలేదు. నీ ఉత్తరం వచ్చాక వెళ్లి ఆ అమ్మాయిని అడిగాను. ఎవరో పెద్దమనిషి ఇంగ్లిష్‌లో మాట్లాడారండీ, నేనూ ఒక్క తడబాటు లేకుండా ఇంగ్లిష్‌లో జవాబిచ్చాను అని ఎంతో సంబరంగా చెప్పింది. ఆయన ఏమన్నారమ్మా అంటే బిక్కమొహం వేసింది.

టెలిగ్రాం, నీ ఉత్తరం రెండూ మనవాడి చేతిలో పెట్టాను. నీ తరగతిలో జరిగింది రెండుసార్లు చదివాడు. మీ నాన్న రమ్మంటున్నాడు, నేను కూడా వస్తాను, పద అన్నాను. తను తప్పుకుంటే తన చోట మూగనోముని నిలబెడతారని, అతను తనకంటే వేగంగా యెస్ అంటాడని చెప్పాడు. ఎంత ఏడ్చినా వినలేదు. నిన్న పొద్దున బూట్లు తొడుక్కుని వెళ్లిపోయాడు. నేను వెనకే వెళ్లాను. హద్దుగా కట్టిన తాడు దాటనివ్వలేదు, ఇవతలే నిలబడ్డాను. మేనేజరు కూడా వచ్చాడు.

ఆఫీసరు వాల్వు మూశారా అని అడిగాడు. పెన్ను టిక్కుమంది. మనవాడి నోరు తెరుచుకుంది. నేను చూస్తుండగానే తెరుచుకుంది, అన్నయ్యా.  వాడు దాన్ని మళ్లీ మూశాడు. ఆఫీసరు ఇంకోసారి అడిగాడు, ఇంకోసారి టిక్కు. వెనక నుంచి మూగనోము యె అనేలోపు మనవాడు వెనక్కి తిరిగి అతని నోటికి చెయ్యి అడ్డంపెట్టాడు. ఇక ఎవరూ మాట్లాడలేదు. అంతమంది మగవాళ్లు తలలొంచుకుని నిలబడిపోయారు. ఆఫీసరు మొహం ఎర్రబడింది, కేకలు మొదలుపెట్టాడు. మనవాడు ఆయన వైపు తిరిగాడు. అప్పుడు ఇంగ్లిష్‌లోనే మెల్లగా, ఒక్కో మాటా పట్టుకుని, నాకు తెలీదు, మీరే చూసి చెప్పండి అన్నాడు.

ఆయన విసురుగా వెళ్లి చూశాడు. వాల్వు సగం తెరిచే ఉంది. గ్యాసు మీటరు తెప్పించి మూతి దగ్గర పెడితే ముల్లు ఆ చివరికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. లోపలికి దిగి ఉంటే బయటికి వచ్చేవాళ్లు కాదని ఆయనే మేనేజరుతో అన్నాడు. అని, అక్కడే ఒక గొట్టం మీద కూలబడ్డాడు.

ఇవాళ మధ్యాహ్నం మేనేజరు నన్ను పిలిచాడు. మెచ్చుకోవడానికి కాదు. నిన్న పని ఆగిపోయిందట, మాట్లాడేవాళ్లని నేను మళ్లీ మూగవాళ్లని చేశానట. రేపటి నుంచి రావద్దన్నాడు. దుబాసీని తెస్తారా అంటే, లేదు, ఇంకో మేష్టర్ని మాట్లాడామన్నాడు. ఆయన కూడా నీ దగ్గర నేర్చుకున్నవాడేనట. ఎవరో నీకు తెలిసే ఉంటుంది. బయల్దేరేలోపు ఎలాగైనా కబురుపెట్టి నీ దగ్గరకి రప్పించు. నాకు చెప్పిన మాటలు కాకుండా, నీ తరగతిలో విన్న మాటలు ఆయనకి చెప్పు.

నేను లెక్క తేల్చుకుని శనివారం రైల్లో వస్తున్నాను. ఒక్కదాన్నే వస్తున్నాను. వాణ్ని తీసుకురాలేకపోయాను. పెట్టె సర్దుకోరా అని గడ్డం పట్టుకుని బతిమాలాను. పెద్దాయన మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. ఆయన కూడా వెళ్లు నాయనా అన్నాడు. కోప్పడలేదు, ఎదురు తిరగలేదు. కొంచెంసేపు ఆలోచించి,

"నేను వెళ్లిపోతే, ఆ మూతి దగ్గర నోరు మూసుకుని నిలబడేదెవరు అత్తయ్యా?" అన్నాడు.

సోమవారం పెద్ద ట్యాంకు మళ్లీ తెరుస్తున్నారు. అప్పటికి నేను మీ దగ్గర ఉంటాను. ముగ్గురం కలిసి భయపడదాం.

చెల్లెలు